పగులులో నీటి పీడనం ఎంత? మూడు కిలోమీటర్ల బోరు చెప్పే సంగతి

క్లుప్తంగా: భూకంపాలు పుట్టే ఫాల్టుల్లోకి, అంటే రాతిలోని పాత చీలికల్లోకి, లోతు బోర్లు దించితే భూకంపం తేదీ తెలియదు. రాతి మీద ఏ దిక్కు నుంచి ఎంత ఒత్తిడి ఉందో, పగుళ్లలో నీటి పీడనం ఎంతో, ఫాల్టు జారడానికి ఇంకా ఎంత పీడనం తక్కువుందో తెలుస్తుంది. ఈ లెక్క నేల మీద పెట్టే పరికరాలకు అందదు. మహారాష్ట్రలోని కోయినా దగ్గర మన దేశం ఈ పని చేసి చూసింది. ఉత్తరాంధ్రలో రైతులు వేసే బోర్లకూ దానికీ పనిముట్లలో పోలిక ఉంది గానీ ప్రమాదంలో లేదు.

రాజాం, చీపురుపల్లి వైపు బోరు బండి పని చేస్తుంటే చూసినవారికి ఇది తెలిసిన సంగతే. పైన మట్టి, దాని కింద మెత్తటి మొరం. అంతవరకు కేసింగ్ పైపు దించుతారు. ఆ కింద గట్టి రాయి. కంప్రెసర్ గాలికి హామర్ కొట్టుకుంటూ దిగుతుంటే బోరు నోట్లోంచి తెల్లటి పొడి ఎగుస్తుంది. రాడ్డు మీద రాడ్డు బిగిస్తూ లోతు లెక్కపెడతారు. ఒకచోట పొడి ఆగిపోయి తడి ముద్ద వస్తుంది. ఇంకో రాడ్డు దిగేసరికి నీళ్లు చిమ్ముతాయి. జల తగిలింది అంటారు. నిజానికి ఆ నీళ్లు గట్టి రాతివి కావు, రాతిలో ఉన్న పగులువి.

ఫాల్టులోకి వేసే బోరు కూడా పగులు కోసమే దిగుతుంది. రైతు బోరు 300 అడుగులు, అంటే 90 మీటర్ల దగ్గర ఆగితే అది మూడు కిలోమీటర్లు పోతుంది. రైతుకు కావలసింది గంటకు ఎన్ని నీళ్లు వస్తాయన్నది. అక్కడ కావలసింది ఆ నీళ్లు ఎంత పీడనంతో ఉన్నాయన్నది. ఒక్కోసారి బిందెడు నీళ్లు కూడా పైకి రావు, అయినా కొలత దొరికితే బోరు ఫలించినట్టే.

నీళ్లు గ్రీజు కాదు, జాకీ

భూకంపం అనగానే నేల కొత్తగా చీలిందని అనుకుంటాం. చాలావరకు పాత చీలికే మళ్లీ జారుతుంది. ఆ పాత చీలికే ఫాల్టు, పాఠ్యపుస్తకాల్లో భ్రంశం. పైనున్న రాతి బరువు, పక్కల నుంచి వచ్చే నెట్టుడు కలిసి ఆ చీలిక రెండు ముఖాలనూ అదిమి పట్టి ఉంచుతాయి. ఆ పట్టు ఉన్నంతకాలం ఫాల్టు కదలదు.

ఇందులో నీటి పాత్రను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. నీళ్లు దిగి రాయి నున్నగా అయి జారిందని వార్తల్లో కూడా రాస్తుంటారు. రాతి మీద నీళ్లు గ్రీజులా పని చేయడం చాలా స్వల్పం. అవి చేసేది జాకీ పని. లారీ టైరు మార్చేటప్పుడు జాకీ ఎత్తితే లారీ బరువు తగ్గదు, కానీ టైరు నేలను అదమడం తగ్గుతుంది. ఇంకాస్త ఎత్తితే చేత్తో తిప్పినా టైరు తిరుగుతుంది. పగులులోని నీటి పీడనం కూడా అలాగే రెండు ముఖాలనూ లోపలి నుంచి ఎడంగా తోస్తుంది. పైబరువు పైబరువుగానే ఉంటుంది, పట్టు మాత్రం సడలుతుంది.

దీన్ని అంకెల్లో చూస్తే బోరు ఎందుకు వేయాలో అర్థమవుతుంది. పీడనాన్ని ఇక్కడ మెగాపాస్కళ్లలో చెప్పుకుందాం. ఒక మెగాపాస్కల్ అంటే సుమారు 100 మీటర్ల ఎత్తు నీళ్లు అడుగున కలిగించే పీడనం. చదరపు సెంటీమీటరుకు దాదాపు 10 కిలోలు.

గట్టి రాయి నీటికన్నా 2.7 రెట్లు బరువు. మూడు కిలోమీటర్ల లోతున పైబరువు వల్ల వచ్చే ఒత్తిడి సుమారు 79.5 మెగాపాస్కళ్లు. పగుళ్లు పైదాకా కలిసి ఉండి నీళ్లు నిండి ఉంటే అదే లోతున నీటి పీడనం 29.4. అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ బయర్లీ 1978లో ప్రకటించిన ఫలితాల ప్రకారం చాలా రకాల రాళ్ల రాపిడి గుణకం, అంటే అదిమే బలంలో ఎన్నో వంతు నెట్టుడుకు రాయి జారుతుందన్న లెక్క, 0.6కూ 0.85కూ మధ్య ఉంటుంది. తక్కువదైన 0.6నే తీసుకుందాం. పైబరువు ఒత్తిడి పెద్దది, పక్కల నుంచి వచ్చే ఒత్తిడి చిన్నది అనుకుందాం. నీటి పీడనాన్ని రెండింటిలోంచీ తీసేశాక, పెద్ద ఒత్తిడి చిన్న ఒత్తిడికి 3.1 రెట్లు దాటిందంటే, అనువైన వాలులో ఉన్న ఫాల్టు జారుతుంది. అదే హద్దు.

ఇప్పుడు రెండు ఊళ్లు ఊహించుకోవాలి. మొదటి ఊరి కింద పక్క ఒత్తిడి 55 మెగాపాస్కళ్లు అనుకుంటే నిష్పత్తి రెండుకు కొంచెం తక్కువ. ఫాల్టు జారాలంటే నీటి పీడనం ఇంకో 14 మెగాపాస్కళ్లు పెరగాలి, అంటే 1,400 మీటర్ల నీటి ఎత్తు. అంత నీళ్లు నిలబెట్టే డ్యామ్ లోకంలో లేదు. రెండో ఊరి కింద పక్క ఒత్తిడి 46 అనుకుంటే నిష్పత్తి 3 దాటే ఉంది. అక్కడ 0.8 మెగాపాస్కల్ చాలు, 80 మీటర్ల నీళ్లు. అది ఒక పెద్ద రిజర్వాయరు లోతు.

పైనుంచి చూస్తే రెండు ఊళ్లకూ అదే కొండ, అదే రాయి. తేడా అంతా 9 మెగాపాస్కళ్ల పక్క ఒత్తిడిలో ఉంది. లోతు బోరు వేసేది ఆ తొమ్మిదినీ పట్టుకోవడానికే.

పైనుంచి ఎందుకు తెలియదు

సీస్మోమీటరు భూకంపం ఎక్కడ పుట్టిందో, ఫాల్టు ఏ వైపు జారిందో చెబుతుంది. జీపీఎస్ స్తంభాలు నేల ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతోందో చెబుతాయి. రెండూ మార్పునే చూస్తాయి. లోపల మొత్తం ఎంత ఒత్తిడి నిలువ ఉందో వాటికి తెలియదు. బ్యాంకు పాసుపుస్తకంలో ఈ నెల జమ ఖర్చులు కనిపించి, నిలువ ఉన్న గడి మాత్రం చిరిగిపోయినట్టు.

పాత ఫాల్టులను నేల మీదే చూడవచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. తూర్పు కనుమల్లోని ఖోండలైటు, చార్నకైటు రాళ్లు ఒకప్పుడు 20 కిలోమీటర్లకు పైగా లోతున, విపరీతమైన వేడిలో తయారై, పై పొరలు కొట్టుకుపోయాక బయటపడినవి. నాగావళి, వంశధార నదుల పేర్లతోనే భూగర్భ శాస్త్రంలో కోత మండలాలు ఉన్నాయి. లోతున మెత్తబడిన రాయి పక్కకు లాగబడి పొరలు పొరలుగా సాగిన జాడలవి. ఫాల్టు అడుగు భాగం ఎలా ఉంటుందో చదువుకోవడానికి ఇంతకన్నా చవకైన బడి లేదు. కానీ గూడు ఉంది, పిట్ట లేదు. రాయి పైకి తేలేలోపే ఒత్తిడి సడలిపోయింది, అప్పటి నీళ్లు వెళ్లిపోయాయి. ఖనిజాల్లో కొన్ని గుర్తులు మిగులుతాయి గానీ, ఈ రోజు పీడనం ఎంత అన్నదానికి జవాబు వాటిలో దొరకదు.

ఒత్తిడిని కొలిచే పద్ధతి

ఎక్కువగా వాడేది హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్. ఈ పేరు మన జిల్లాల్లో కొత్తది కాదు. ఎండిపోయిన తాగునీటి బోర్లలో ప్యాకర్ (ఉబ్బి బోరును బిగించే రబ్బరు బిరడా) దించి, నీళ్లు గట్టిగా ఎక్కించి, మూసుకుపోయిన పగుళ్లను తెరిచే పనికీ ఇదే పేరు. పనిముట్టు ఒకటే, అడిగే ప్రశ్న వేరు.

ముందుగా, పైకి తీసిన కోర్ చూస్తారు. కోర్ అంటే వజ్రపు బిట్‌తో కోసి తెచ్చిన రాతి కడ్డీ. ఎక్కువగా వాడే రెండు సైజుల్లో దాని అడ్డుకొలత 47.6 మిల్లీమీటర్లు, 63.5 మిల్లీమీటర్లు. ఎక్కడ మీటరు పొడవునా ఒక్క పగులు కూడా లేదో అక్కడ గుర్తు పెట్టుకుంటారు. బోరు గోడను ధ్వని తరంగాలతో ఫొటో తీసే టెలివ్యూయర్‌ను దించి అదే చోటును సరిచూస్తారు. తర్వాత రెండు రబ్బరు ప్యాకర్లను మధ్యలో మీటరు ఖాళీ ఉండేలా దించి ఉబ్బిస్తారు. ఆ మీటరు గదిలోకి నిమిషానికి కొద్ది లీటర్ల చొప్పున నీళ్లు పంపుతారు. పీడనం నిటారుగా ఎక్కుతుంది, ఒకచోట గభాల్న పడిపోతుంది. రాయి చీలిందన్నమాట. ఇంకాసేపు పంపి వాల్వు మూసేస్తారు.

అసలు కొలత ఇక్కడే ఉంది. వాల్వు మూసిన వెంటనే పీడనం జారి ఒక మలుపు దగ్గర నెమ్మదిస్తుంది. చీలికను తెరిచి ఉంచడానికి సరిగ్గా సరిపోయే పీడనం అది. దానికి ఎదురు నిలిచి మూయాలని చూస్తున్నది అక్కడి అతి తక్కువ ఒత్తిడి. రెండూ సమానం కాబట్టి మలుపు దగ్గరి అంకే ఆ ఒత్తిడి. నీళ్లు వదిలేసి, మళ్లీ ఎక్కించి, మూడు నుంచి ఐదు సార్లు ఇదే చేస్తారు. మొదటిసారి అంకెలో రాతి సొంత బలం కలిసి ఉంటుంది, రెండోసారి నుంచి అది ఉండదు. చివరగా మెత్తటి రబ్బరు తొడిగిన ప్యాకర్‌ను దించి గోడకు అదిమితే చీలిక అచ్చు పడుతుంది. దిక్సూచి లెక్కతో చీలిక ఏ దిక్కున నడిచిందో తెలుస్తుంది. పక్క ఒత్తిళ్లలో పెద్దదాని దిక్కు అదే.

తప్పులు జరిగేది ఎక్కువగా ఇక్కడే. టెలివ్యూయర్‌కు కనబడని వెంట్రుకవాసి పగులు ఆ మీటరులో ఉంటే, రాయి కొత్తగా చీలదు, పాతదే తెరుచుకుంటుంది. అప్పుడు వచ్చే అంకె ఆ పగులు వాలుకు సంబంధించినది, అతి తక్కువ ఒత్తిడిది కాదు. ప్యాకర్ పక్కనుంచి నీళ్లు కారితే మలుపు మసకబారి, ఇద్దరు ఇంజనీర్లు రెండు అంకెలు చదువుతారు. లోతు పెరిగేకొద్దీ వేడికి రబ్బరు మెత్తబడి ప్యాకర్ పేలుతుంది. బోరు గుండ్రంగా లేకపోతే అసలు ఆనదు.

బోరు గుండ్రంగా లేకపోవడం కూడా ఒక కొలతే. పెద్ద ఒత్తిడి ఉత్తర దక్షిణాలుగా నొక్కుతుంటే గోడ తూర్పు పడమరల్లో పెచ్చులూడి, బోరు కోలగా మారుతుంది. ఆ కోల దిక్కును బట్టి ఒత్తిళ్ల దిక్కులు తెలుస్తాయి. మెత్తటి రాతిలో నాలుగు వైపులా కూలిన గుంతనూ, రాడ్లు ఒరుసుకుని అరిగిన గాడినీ దీనితో పొరబడకూడదు. పెద్ద ఒత్తిడి ఎంతన్న అంకె మాత్రం ఎప్పుడూ సందేహంతోనే వస్తుంది. పెచ్చు వెడల్పు, రాతి బలం కలిపి లెక్క కట్టాలి. ప్రయోగశాలలో రాతి బలం పది శాతం తేడా వస్తే అంకె కూడా కదులుతుంది. తక్కువ ఒత్తిడిని కొలిచారు, పెద్ద ఒత్తిడిని అంచనా వేశారు అని చదువుకోవడమే సరైనది.

బురదలో వచ్చే వాయువులు

లోతు బోరులో గాలి సరిపోదు. బెంటొనైటు మట్టి కలిపిన చిక్కటి నీళ్లను రాడ్ల లోపలినుంచి పంపితే, అవి బిట్‌ను చల్లార్చి, రాతి ముక్కలను తీసుకుని రాడ్లకూ గోడకూ మధ్య సందులోంచి పైకి వస్తాయి. ఈ బురదలో ఫాల్టు నీళ్ల ఆనవాళ్లు కూడా కలిసి వస్తాయి. పైన ఒక తొట్టెలో బురదను గిలక్కొట్టి, వెలువడే వాయువులను మాస్ స్పెక్ట్రోమీటరుకు పంపుతారు. హీలియం, రాడాన్, హైడ్రోజన్, మీథేన్, కార్బన్ డయాక్సైడు ఎంతున్నాయో అప్పటికప్పుడే తెలుస్తుంది. రాతిలోని యురేనియం, థోరియం నుంచి పుట్టే హీలియం గట్టి రాతిలో కూరుకుపోయి ఉంటుంది. అది ఉన్నట్టుండి పెరిగితే బిట్ ఒక తెరిచిన పగులును దాటిందనుకోవచ్చు.

అనుకోవచ్చు అంతే. బురద అడుగునుంచి పైకి రావడానికి సమయం పడుతుంది. ఎనిమిదిన్నర అంగుళాల బోరు, ఐదు అంగుళాల రాడ్డు, నిమిషానికి 2,000 లీటర్ల పంపు అనుకుంటే మూడు కిలోమీటర్లకు 36 నిమిషాలు. ఈలోపు బిట్ ముందుకు పోయి ఉంటుంది. గోడ కూలి బోరు వెడల్పైతే ఇంకా ఆలస్యం. రాడ్డు బిగించడానికి పంపు ఆపిన ప్రతిసారీ బయటి గాలి దూరి, అరగంట తర్వాత అదో సంకేతంలా కనబడుతుంది. అరిగిన బిట్ వేడెక్కితే రాతిలోని, బురదలోని నీళ్లు విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది. ఫాల్టులో హైడ్రోజన్ దొరికిందని సంబరపడేముందు ఆ గంటలో బిట్ ఎలా తిరిగిందో చూడాలి.

నీటి నమూనాకు ఇంకో చిక్కు ఉంది. పగులు తగలగానే పైనుంచి పంపిన బురదే అందులోకి పారిపోతుంది. రైతు బోరులో పగులు తగిలితే పండగ, ఇక్కడ అది ముందు నష్టం. అందుకే బురద నీళ్లలో ముందే గుర్తు పదార్థం కలుపుతారు. తర్వాత ప్యాకర్లతో ఆ పగులును వేరు చేసి నీళ్లు తోడుతూ, గుర్తు పదార్థం దాదాపు పోయేదాకా ఆగుతారు. గట్టి రాతిలో నీళ్లు చుక్కచుక్కగా ఊరుతాయి కాబట్టి దీనికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అద్దె రిగ్గు ఖాళీగా నిలబడితే ఖర్చు పెరుగుతుందని చాలా ప్రాజెక్టుల్లో మొదట కోత పడేది ఈ పరీక్షకే. చివరకు విలువైన సంఖ్య అదే కావడం విచారకరం.

అనుకున్నది ఒకటి, దొరికినది ఒకటి

అమెరికాలోని పార్క్‌ఫీల్డ్ దగ్గర శాన్ ఆండ్రియాస్ ఫాల్టు పెద్ద కుదుపు లేకుండా నెమ్మదిగా ఎందుకంత తేలిగ్గా పాకుతుందన్నది పాత ప్రశ్న. లోపల నీటి పీడనం అసాధారణంగా ఎక్కువ ఉండి ఉంటుందన్నది బలమైన అంచనా. 2004లో మొదలుపెట్టిన ప్రధాన బోరు నిలువుగా దిగి, తర్వాత ఏటవాలుగా తిరిగి ఫాల్టును అడ్డంగా కోసింది. పాకుతున్న పట్టీలు రెండు దొరికాయి. ఒకటి 1.6 మీటర్లు, రెండోది 2.6 మీటర్ల వెడల్పు. బోరుకు తొడిగిన ఉక్కు కేసింగ్ వాటి దగ్గరే వంగడం మొదలైంది. 2007లో ఆ భాగాల నుంచి సుమారు 40 మీటర్ల కోర్ తీశారు. అందులో సాపొనైటు అనే జారుడు మట్టి కనబడింది. దాని రాపిడి గుణకం 0.15 దగ్గర. అనుకున్నంత నీటి పీడనం మాత్రం కనబడలేదు. ఆ ఫాల్టును సడలిస్తున్నది మట్టే. నీళ్లే కారణమన్న సూత్రం అన్ని ఫాల్టులకూ పనికిరాదని ఈ బోరు చెప్పింది. 2008లో లోపల పెట్టిన పరికరాలు కొద్ది వారాలకే చెడిపోయాయి. బోరు ద్రవాలు, వాయువులు కేబుళ్లలోకి చొరబడ్డాయి. లోతు బోరు పని చాలాసార్లు కేబుల్ జాయింటు దగ్గర ఓడిపోతుంది.

జపాన్‌లో 2011 మార్చి 11 భూకంపం తర్వాత చిక్యు నౌక దాదాపు 6,900 మీటర్ల నీటి అడుగున, సముద్ర గర్భంలోకి 850 మీటర్లు తవ్వింది. ఫాల్టు జారినప్పుడు పుట్టిన వేడి ఇంకా మిగిలి ఉందేమో చూడడానికి 55 ఉష్ణోగ్రత సెన్సార్లు దించింది. దొరికిన తేడా 0.31 డిగ్రీలు. ఆ చిన్న తేడానుంచే జారేటప్పుడు రాపిడి గుణకం 0.08 అని లెక్క తేలింది. అంత తక్కువ రాపిడి కాబట్టే ఫాల్టు పదుల మీటర్లు జారిపోగలిగింది. ఆలస్యం చేస్తే వేడి చల్లారిపోయేది, అందుకే ఏడాది దాటగానే తవ్వడం మొదలుపెట్టారు.

చైనాలో 2008 వెన్‌చువాన్ భూకంపం తర్వాత వేసిన మొదటి బోరు ఇంకో సంగతి చూపించింది. చంద్రుడు, సూర్యుడి ఆకర్షణకు భూమి రాయి కూడా కొద్దిగా సాగి ముడుచుకుంటుంది. దానితో బోరులో నీటి మట్టం రోజూ సెంటీమీటర్లలో లేచి పడుతుంది. రాతిలో నీళ్లు తేలిగ్గా కదిలితే ఈ ఊగు వెంటనే వస్తుంది, పగుళ్లు మూసుకుపోతుంటే ఆలస్యంగా వస్తుంది. ఏడాదిన్నర కొలతల్లో ఆలస్యం పెరుగుతూ పోయింది. ఫాల్టు గాయం మానుతోందన్నమాట. దూరాన పెద్ద భూకంపం వచ్చినప్పుడల్లా మానిన పుండు మళ్లీ రేగింది.

ఫాల్టు నిర్మాణం కూడా ఈ బోర్లలోనే స్పష్టమైంది. నడుమ పిండి పిండిగా నలిగిన మట్టి పట్టీ, దానికి రెండు వైపులా పగిలిన రాయి. నడుమ పట్టీ నీటిని అడ్డంగా పోనివ్వదు, పక్కల పగుళ్లు నిలువునా పారనిస్తాయి. చెరువు గట్టూ, గట్టు వెంట కాలువా ఒక్కచోట ఉన్నట్టు. అందుకే ఫాల్టుకు ఒక పక్క కొలిచిన పీడనం రెండో పక్కకు వర్తించదు.

న్యూజిలాండ్ ఆల్పైన్ ఫాల్టు దగ్గర 2014లో లక్ష్యం ఇంకా లోతు. 893 మీటర్ల దగ్గర కేసింగ్ దెబ్బతిని ఆగిపోయారు. అయినా అక్కడ కిలోమీటరుకు 125 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతోందన్న ఊహించని ఫలితం చేతికొచ్చింది.

కోయినా: మన దేశపు ప్రయోగశాల

మహారాష్ట్ర సతారా జిల్లాలో 103 మీటర్ల కోయినా డ్యామ్ వెనుక 1962లో నీళ్లు నిలిచాయి. ఆ తర్వాత చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. అప్పటి నుంచి ఈనాటి వరకు అక్కడ ప్రకంపనలు ఆగలేదు. అవన్నీ ఇంచుమించు 20 కిలోమీటర్ల వెడల్పు, 30 కిలోమీటర్ల పొడవున్న చిన్న ప్రాంతంలో, తక్కువ లోతులోనే పుడుతున్నాయి. బోరుకు అందే లోతున, ఎప్పుడూ కదిలే ఫాల్టు ఇలా ఒకేచోట దొరకడం అరుదు.

కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కరాడ్‌లో ఇందుకోసమే ప్రయోగశాల పెట్టింది. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలకు ఇందులో మొదటినుంచీ పాత్ర ఉంది. ముందు ఒకటిన్నర కిలోమీటరు లోతు వరకు తొమ్మిది అన్వేషణ బోర్లు వేశారు. 2016 డిసెంబరులో గోఠణే దగ్గర మొదలైన పైలట్ బోరు 2017లో మూడు కిలోమీటర్లు చేరింది. పైన 1.2 కిలోమీటర్ల మేర దక్కన్ లావా, దాని కింద 250 కోట్ల ఏళ్ల పైబడిన గ్రానైటు.

దొరికిన వాటిలో రెండు ముఖ్యం. మూడు కిలోమీటర్ల వరకు నీళ్లున్నాయి, అవి వాన నీళ్లే. అంటే పైనీళ్లు అంత లోతుకు దారి చేసుకున్నాయి. రెండు, ఆ ప్రాంతపు రాయి జారే హద్దుకు చాలా దగ్గరగా ఒత్తిడిలో ఉంది. చిన్న మార్పు చాలు, ప్రకంపన వస్తుంది. పైన ఊహించుకున్న రెండు ఊళ్లలో కోయినా రెండోది. డ్యామ్ భూకంపాన్ని తయారు చేయలేదు. హద్దు దగ్గర నిలబడి ఉన్న ఫాల్టు కింద జాకీ ఒక గీత ఎత్తింది.

బోరే భూకంపం తెస్తుందా

ఈ అనుమానం సహజం. జవాబు ఎన్ని నీళ్లు, ఎంత పీడనంతో, ఎన్నాళ్లు ఎక్కించారన్న దానిమీద ఉంది. ఒత్తిడి కొలత పరీక్షకు పట్టేది పదుల నుంచి వందల లీటర్లు. జర్మనీలోని 9,101 మీటర్ల కేటీబీ బోరు అడుగున 1994లో దాదాపు 200 ఘనపు మీటర్లు, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు 20, ఎక్కించి చూశారు. కొన్ని వందల సూక్ష్మ ప్రకంపనలు వచ్చాయి. పెద్దది 1.2 తీవ్రత, మనుషులకు తెలియదు. తొమ్మిది కిలోమీటర్ల లోతున కూడా రాయి హద్దు దగ్గరే ఉందని దానివల్ల తేలింది.

ఏళ్లతరబడి ఎక్కిస్తే కథ వేరు. అమెరికాలో డెన్వర్ పక్కన 3,671 మీటర్ల బోరులోకి 1962 నుంచి రసాయన వ్యర్థ జలాలు పంపారు. ప్రకంపనలు మొదలయ్యాయి. 1966 ఫిబ్రవరిలో ఆపేశారు. పెద్ద ప్రకంపనలు 1967లో వచ్చాయి. పంపు ఆగినా లోపల చేరిన పీడనం పగుళ్ల వెంట పాకుతూనే ఉంటుంది. దీన్ని చూశాక అమెరికా భూగర్భ సర్వే సంస్థ కొలరాడోలోని రేంజ్‌లీ చమురు క్షేత్రంలో 1969 నుంచి 1973 వరకు పీడనాన్ని పెంచుతూ, దించుతూ పరీక్షించింది. ముందే కొలిచిన ఒత్తిడినుంచి 25.7 మెగాపాస్కళ్లు దాటితే ప్రకంపనలు వస్తాయని లెక్క కట్టారు. ఆ అంకెకు అటూ ఇటూ పీడనం మార్చినప్పుడు ప్రకంపనలు అలాగే పెరిగాయి, తగ్గాయి. దక్షిణ కొరియా పొహాంగ్‌లో వేడి నీటి విద్యుత్తు కోసం ఎక్కించిన నీళ్లు అంతవరకు తెలియని ఫాల్టును తట్టాయి. 2017 నవంబరు 15న 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. అక్కడ లోపం బోరులో లేదు. చిన్న ప్రకంపనలు వరుసగా ఒకే గీత మీద వస్తున్నా పంపు ఆపకపోవడంలో ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం లెక్క

వ్యవసాయ బోర్లు నీళ్లు తోడతాయి, ఎక్కించవు. వాటి లోతు వంద, రెండు వందల మీటర్లు. భూకంపాలు పుట్టే లోతుతో వాటికి సంబంధం లేదు. బోర్లు ఎక్కువై భూమి కదులుతోందన్న మాటకు ఆధారం లేదు. బోర్లు ఎక్కువైతే వచ్చే నష్టం భూగర్భ జలాలకే, అది చాలదన్నట్టు దీన్ని కూడా కలపనక్కర్లేదు.

రిజర్వాయర్ల విషయంలో టీఎంసీల కన్నా నీటి లోతు ముఖ్యం. కోయినాలో దాదాపు 100 టీఎంసీలు, డ్యామ్ 103 మీటర్లు. వంశధార మీద హిరమండలం రిజర్వాయరు 19 టీఎంసీలది, గట్టు ఎత్తు కోయినాకు చాలా తక్కువ. తోటపల్లి, గొట్టా బ్యారేజీలవి లోతు లేని నీళ్లు. అయితే లోతు తక్కువ కాబట్టి భయం లేదని చెప్పడానికి కూడా కింది ఒత్తిడి తెలిసి ఉండాలి. కోయినా దగ్గర తెలుసు, ఇక్కడ ఆ లోతున కొలిచింది లేదు.

ఈ జిల్లాలు పూర్తిగా కదలని నేల అని కూడా అనలేం. పాత భూకంప పట్టికల్లో 1917 ఏప్రిల్ 17న విజయనగరం దగ్గర 5.5 తీవ్రత నమోదై ఉంది. 2014 మే 21 రాత్రి పది గంటలకు ముందు బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో వచ్చిన భూకంపానికి తీరం వెంట జనం ఇళ్లలోంచి బయటకు పరుగెత్తారు. దాని లోతు 50 కిలోమీటర్లకు దగ్గర. 2024 డిసెంబరు 4 ములుగు భూకంపం కూడా 40 కిలోమీటర్ల లోతుది. మనిషి వేసిన అతి లోతు బోరు రష్యాలోని కోలాలో 12,262 మీటర్లు. అక్కడే 180 డిగ్రీల వేడికి పని ఆగింది. 2014 లాంటి భూకంపం పుట్టిన చోటికి ఏ బోరూ చేరదు. కోయినా పద్ధతిని ఇక్కడికి తెస్తే మన పెద్ద ప్రకంపనల గుట్టు తెలుస్తుందనుకోవడం అత్యాశే.

తక్కువ లోతులో చేయగల పని మాత్రం ఉంది. కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం లాంటి ప్రతిపాదనలు ఉన్నచోట, పెద్ద సొరంగాలు తవ్వేచోట, గట్టి రాతిలో 300 నుంచి 500 మీటర్ల కోర్ బోరు వేసి పది చోట్ల ఒత్తిడి కొలిస్తే దిక్కులైనా స్థిరపడతాయి. పైనున్న వంద మీటర్ల అంకెలను నమ్మకూడదు. కొండ వాలు, కుళ్లిన రాయి వాటిని పాడు చేస్తాయి. తాగునీటి బోర్లకు చేసే ఫ్రాక్చరింగ్‌లో పీడనం గ్రాఫు రాసిపెట్టినా ఉపయోగం తక్కువే. అక్కడ సాధారణంగా ఒకే ప్యాకర్ వాడతారు, దాని కింద చీలింది ఏ లోతునో తెలియదు.

ఇంకా చవకైన దారి ఉంది. వెన్‌చువాన్ బోరులో లాగా, చంద్రుడు, సూర్యుడి ఆకర్షణకు ఊగే నీటి మట్టాన్ని చూడడం. వాడకంలో లేని, గట్టి రాతిలోకి దిగిన ఒక లోతు బోరును ఎంచుకోవాలి. పై కేసింగ్ చుట్టూ సిమెంటు పోసి వాన నీరు దిగకుండా చేయాలి. నీటి మట్టానికి పది మీటర్ల కింద పీడన సెన్సారు, నోటి దగ్గర గాలి పీడనం కొలిచే మరో సెన్సారు పెట్టాలి. పది నిమిషాలకోసారి రెండూ నమోదు కావాలి. గడియారం తప్పకూడదు. ఆర్నెల్లకు భూమి ఊగు కనబడుతుంది. శ్రీకాకుళం తీరానికి దగ్గరైతే సముద్రపు ఆటుపోట్ల బరువు కూడా అదే లయలో కలిసి వస్తుంది కాబట్టి బోరు తీరానికి వీలైనంత దూరంగా, పాలకొండ, పార్వతీపురం వైపు ఉంటే మేలు. చుట్టూ కిలోమీటరు మేర మోటార్లు నడిచే పొలాలు ఉండకూడదు. కరెంటు ఇచ్చే వేళకు పది మోటార్లు ఒకేసారి ఆన్ అయితే, చంద్రుడి లయ కన్నా మోటార్ల లయే గ్రాఫులో గట్టిగా కనిపిస్తుంది.